ముఖానికి పూసుకున్న రాళ్ళు

(రేడియో ప్రసంగ పాఠం)

ఈ అరగంటా ముఖానికి పూసుకునే పొడి గురించి మాట్లాడబోతున్నాను. కంప్యూటర్ల వాళ్ళకి పౌడర్ల గోల ఏమిటని రేడియో కట్టేయకండి. ఈ కబుర్లలో సీసం ఉంది, పాదరసం ఉంది, వాషింగ్టన్‌లో ఒక కోర్టు తీర్పు ఉంది, మన గూడూరు గనులు కూడా ఉన్నాయి.

ఇక్కడ అమెరికాలో ఏ మాల్‌కి వెళ్ళినా "మినరల్ మేకప్" అని రాసిన డబ్బాలు కనిపిస్తాయి. ఖనిజం అనేసరికి మనకి ఒక నమ్మకం కలుగుతుంది. నేలలోంచి వచ్చింది కదా, సహజమైనది కదా, ఒంటికి పడుతుందిలే అని. నాది అసలే ఏదీ పడని చర్మం. కొన్నేళ్ళ క్రితం బుగ్గల మీద దద్దుర్లు తగ్గకపోతే చర్మవైద్యుడు ప్యాచ్ టెస్ట్ చేశారు. అంటే, వీపు మీద వరసగా చిన్న చిన్న పట్టీలు అంటించి, రెండు రోజులయ్యాక తీసి, ఏ పట్టీ కింద ఎర్రబడిందో చూస్తారన్నమాట. నాకు రెండు చోట్ల ఎర్రబడింది. ఒకటి సెంటు దినుసుల మిశ్రమం. రెండోది క్రీములు చెడిపోకుండా కలిపే ఒక నిలవ మందు, కొద్ది కొద్దిగా ఫార్మాల్డిహైడ్ వదిలే రకం. అప్పటినుంచీ ముఖానికి రాసుకునే పొడి నేనే ఇంట్లో కలుపుకుంటున్నాను. కలిపే ప్రతి దినుసూ ఎక్కడినుంచి వచ్చిందో, ఎప్పటినుంచి మనుషులు దాన్ని ముఖానికి పూసుకుంటున్నారో చదువుతూ పోతే ఈ ప్రసంగానికి సరిపడా సరుకు పోగయింది. నాకు తేలిందేమిటంటే, "ఖనిజం" అన్న మాట మీద గానీ, "ఇంట్లో చేసింది" అన్న మాట మీద గానీ భరోసా పెట్టుకోవడానికి లేదు. నాబోటివాళ్ళకి పనికొచ్చేది డబ్బా వెనకాల చీమ తలకాయంత అక్షరాలతో ఉండే దినుసుల జాబితా. ఆ జాబితా అక్కడికి రావడానికి చాలా కాలం పట్టింది. చాలామంది ముఖాలూ చేతులూ కళ్ళూ పాడయ్యాయి.

మొదట సీసం సంగతి చూద్దాం. ముఖానికి పూసుకున్న ఖనిజాల్లో ఎక్కువ కాలం ఏలింది అదే. క్రీస్తుకి పూర్వం మూడు వందల ఏళ్ళ నాడే థియోఫ్రాస్టస్ అనే గ్రీకు పండితుడు రాళ్ళ మీద ఒక పుస్తకం రాస్తూ సీసపు తెలుపు చేసే పద్ధతి చెప్పాడు. కుండలో వెనిగర్ పోసి దాని మీద సీసపు దిమ్మె పెడతారు. కొన్నాళ్ళకి దిమ్మె మీద తెల్లటి బూజులాంటి పొర కడుతుంది. దాన్ని గీకి తీసి, నూరి, వడగడతారు. అదీ పద్ధతి. ఇంత తేలిక కాబట్టే రోమన్ ఆడవాళ్ళ దగ్గరనుంచి వెనిస్ దొరసానుల దాకా, అటు జపాను రాచనగరు దాకా, ముఖానికి ఆ తెలుపే. నిజం చెప్పాలంటే దానికి సాటి వచ్చే పొడి అప్పట్లో లేదు. చర్మాన్ని అంటిపెట్టుకుంటుంది, పలచగా రాసినా మచ్చల్ని కప్పేస్తుంది, పట్టులా జారుతుంది. కాకపోతే ఒంట్లోకి దిగుతుంది.

ఇంగ్లండులో మరియా గన్నింగ్ అనే ఆవిడ ఉండేది. ఐర్లండునుంచి వచ్చి, అందంతోనే లండన్‌ని తలకిందులు చేసి, కవెంట్రీ ప్రభువుని పెళ్ళాడింది. 1760లో, ఇరవయ్యేడేళ్ళకే పోయింది. సీసపు తెలుపే ఆమెని పొట్టన పెట్టుకుందని అప్పటి జనం చెప్పుకున్నారు. సీసం వల్ల చర్మం పాడవుతుంది, పాడైన చర్మాన్ని కప్పడానికి ఇంకాస్త దట్టంగా పూసుకుంటారు. అదొక ఉచ్చు.

మరి అప్పట్లో ఇంట్లో చేసుకునేవాళ్ళు లేరా అంటే, బ్రహ్మాండంగా ఉన్నారు. 1600ల మొదట్లో లండన్‌లో హ్యూ ప్లాట్ అనే ఆయన ఇల్లాళ్ళ కోసం వేసిన చిట్కాల పుస్తకంలో పళ్ళ నిలవలూ, అత్తరులూ, వాటి పక్కనే ముఖానికి తెలుపూ ఉన్నాయి. ఆ తెలుపు దేంతో అనుకున్నారు? పంది దవడ ఎముక కాల్చి, దంచి, వస్త్రకాయితం పట్టిన పొడితో. వినడానికి రోతగా ఉన్నా ఎముక బూడిద సీసం కన్నా వెయ్యి రెట్లు నయం. అలాగని ఇంటి చిట్కాలన్నీ మంచివనుకోకండి. అదే కాలం నాటి ఇంటి పుస్తకాల్లో పాదరసం వాడమని చెప్పేవీ ఉన్నాయి. ఇంట్లో చేసినంత మాత్రాన విషం విషం కాకుండా పోదు.

"సహజం" అన్న మాటకీ ఒక చిన్న చురక తగిలించాలి. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం ఉంది కదా, అక్కడ ఈజిప్టు సమాధుల్లో దొరికిన కాటుక భరిణెలు ఉన్నాయి. వాటిలో మిగిలిన పొడిని పరీక్షించి ఫ్రెంచి శాస్త్రవేత్తలు 1999లో నేచర్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఆ పొడిలో గనిలో దొరికే సీసపు ఖనిజంతోపాటు, ప్రకృతిలో అంతంత పరిమాణంలో దొరకని సీసపు లవణాలు రెండు కనిపించాయి. అంటే ఎవరో ఉప్పూ నీళ్ళూ కలిపి, వారాల తరబడి ఓపిగ్గా తయారు చేశారన్నమాట. నాలుగు వేల ఏళ్ళ క్రితమే "మినరల్ మేకప్" ఒక తయారీ సరుకు. గనిలోంచి తీసి అలాగే పూసుకున్నది ఎప్పుడోగానీ లేదు.

మన ఇళ్ళలో సంగతి వేరు. మనవాళ్ళు ఒంటికి పూసుకున్నవి ఎక్కువగా మొక్కలనుంచి వచ్చినవే. పసుపు, చందనం, సున్నిపిండి. కుంకుమ కూడా సరిగ్గా చేస్తే పసుపే, సున్నం తగిలి ఎర్రబడిన పసుపు. రాళ్ళూ మట్టీ లేకపోలేదు. తిరునామానికి తెల్లమట్టి, గోపీచందనం, గడప బయట గోడకి జేగురు. ఇంగిలీకం అంటే పాదరసం, సిందూరం అంటే సీసం. ఆ రెంటినీ మన తెలుగిళ్ళలో ముఖానికి దట్టించుకునే అలవాటు లేకపోవడం మన అదృష్టం. అలాగని మన బొట్టు ఎప్పుడూ మంచిదే అనుకోవద్దు. పసుపు బదులు చవక రంగులు కలిపిన కుంకుమతో నుదుటి మీద నల్లమచ్చ పడ్డవాళ్ళు ఉన్నారు. స్టిక్కర్ బొట్టుబిళ్ళ పెట్టుకునే చోట తెల్లమచ్చ పడ్డవాళ్ళనైతే మీరూ చూసే ఉంటారు. అది బిళ్ళ రంగు వల్ల కాదు, జిగురు వల్ల. ఆ జిగురులో ఉండే ఒక ఫినాల్ జాతి రసాయనం చర్మంలో రంగు తయారు చేసే కణాల్ని చంపుతుంది. ఆ బిళ్ళ అట్ట వెనక జిగురులో ఏముందో రాసినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు.

ఇప్పుడు న్యూయార్కుకి వద్దాం, 1869కి. డాక్టర్ లూయిస్ సేయర్ అని పేరున్న ఎముకల వైద్యుడు. ఆయన దగ్గరికి ఒకరి తరవాత ఒకరుగా వయసులో ఉన్న ఆడవాళ్ళు ముగ్గురు వచ్చారు. ముగ్గురికీ ఒకటే జబ్బు. చేతులు మణికట్టు దగ్గర వేలాడిపోతున్నాయి, లేపమంటే లేపలేరు. సీసం నరాల్ని తినేస్తే వచ్చే పక్షవాతం అది, రంగులు వేసే పనివాళ్ళలో వైద్యులకి బాగా తెలిసినదే. ఈ ఆడవాళ్ళు రంగులు వేసేవాళ్ళు కారు కదా! ఆరా తీస్తే ముగ్గురూ "లెయిర్డ్స్ బ్లూమ్ ఆఫ్ యూత్" అనే ఒకే ద్రవాన్ని ముఖానికి రాసుకుంటున్నారని తేలింది. యవ్వనపు వికాసం అని దాని పేరు. అందులో ఉన్నది సీసపు తెలుపు. సేయర్ ఆ ముగ్గురి కేసులనీ వైద్యసంఘం ముందు పెట్టి అచ్చు వేయించాడు.

ఇక్కడ నన్ను ఆపేసింది ఒక్క విషయం. ఆ ఆడవాళ్ళకి తాము పూసుకుంటున్నది సీసమని తెలిసే దారే లేదు. మరియా గన్నింగ్ కాలంలో దినుసు పేరైనా తెలిసేది, అంగట్లో అడిగి కొనుక్కునేవారు. ఇప్పుడు సీసా మీద అందమైన పేరు తప్ప మరేమీ లేదు. సీసం పాతదే, దాన్ని దాచే సీసా కొత్తది. అప్పటికి అమెరికాలో దాని గురించి చట్టం కూడా ఏమీ లేదు. 1906లో వచ్చిన మొదటి ఆహార, ఔషధ చట్టం కూడా సౌందర్య సామగ్రి జోలికి పోలేదు.

సీసాన్ని పక్కకి నెట్టినది యశదం, అంటే జింకు. జింక్ ఆక్సైడ్ తెల్లగా ఉంటుంది, చర్మాన్ని తినదు సరికదా కాస్త ఊరడిస్తుంది కూడా. మన ఆయుర్వేద గ్రంథాల్లో కళ్ళకి పెట్టే పుష్పాంజనం అని ఒకటి కనిపిస్తుంది. అది ఇదేనని లోహాల చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. రాజస్థాన్‌లో జవార్ దగ్గర మట్టి మూసల్లో జింకు తీసిన బట్టీలు ఇప్పటికీ కుప్పలుగా పడి ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో అమెరికాలోనూ యూరప్‌లోనూ ముఖం పౌడర్లలోకి జింకు వచ్చింది.

మన అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. చిన్నప్పుడు అమ్మవారు పోసి తగ్గాక, చెమటకాయలు పేలాక, ఒళ్ళంతా గులాబీరంగు మందు పూసేవారు గుర్తుందా? కాలమైన్ లోషన్. దాని రంగు ఎక్కడిదో నాకు చాలాకాలం తెలీదు. తెల్లటి జింక్ ఆక్సైడ్‌లో వందకి అరవంతు ఇనుప ఆక్సైడ్, అంటే ఒక రకం తుప్పు, కలిపితే ఆ గులాబీరంగు వస్తుంది. మరి నేను ఇంట్లో కలుపుకునే మినరల్ పౌడర్ ఏమిటి? జింకూ తుప్పూ, కాస్త తుప్పు పాలు ఎక్కువ. షోకేసులో పెట్టి వేల డాలర్ల ప్రకటనలతో అమ్మే సరుకుకి మందుల షాపులో కూర్చున్న ఈ పాత సీసా మేనత్త వరస అవుతుంది.

టైటానియం డయాక్సైడ్ గురించి రెండు ముక్కలు చాలు. 1910ల చివరా 1920ల మొదట్లో నార్వేలోనూ అమెరికాలోనూ గోడ రంగుల కోసం పెద్ద ఎత్తున తయారు చెయ్యడం మొదలుపెట్టారు. సీసం కన్నా బాగా కప్పుతుంది, విషం కాదు. పౌడర్లలోకీ అక్కణ్ణుంచే వచ్చింది. మన రంగు వాళ్ళకి ఇది పెట్టే తంటా మరొకటుంది, దానికి తరవాత వస్తాను.

ఈలోగా మరో ఘోరం జరగాల్సి వచ్చింది. 1933లో కనురెప్పల వెంట్రుకలకి వేసే "లాష్ లూర్" అనే రంగు అమెరికాలో అమ్మేవారు. అందులో ఉన్నది తారునుంచి తీసిన ఒక రంగు, ఇవాళ్టికీ జుట్టు రంగుల్లో అలర్జీలకి పేరుమోసిన జాతి. కొందరు ఆడవాళ్ళ కళ్ళు పోయాయి, ఒకామె ప్రాణమే పోయింది. అప్పుడు ఎఫ్‌డీఏ వాళ్ళకి ఆ సరుకుని బజార్లోంచి తీయించే అధికారం లేదు. చేతిలో అధికారం లేక వాళ్ళు చేసిన పని నాకు భలే నచ్చింది. ఇలాంటి సరుకులన్నిటినీ, వాటివల్ల నష్టపోయినవాళ్ళ ఫొటోలనీ వరసగా పేర్చి ఒక ప్రదర్శన పెట్టారు. పత్రికలవాళ్ళు దానికి "ఘోరాల గది" అని పేరు పెట్టారు. ఐదేళ్ళు పోరాడాక 1938 జూన్‌లో రూజ్వెల్ట్ సంతకంతో కొత్త చట్టం వచ్చింది. మొదటిసారిగా సౌందర్య సామగ్రి ఆ చట్టం కిందకి వచ్చింది. ఏయే రంగులు వాడవచ్చో ప్రభుత్వమే జాబితా ఇవ్వడం, ఒక్కో రంగులో సీసం, ఆర్సెనిక్, పాదరసం ఎంతకి మించకూడదో చెప్పడం, ఇవన్నీ ఆ దారిలో ఒకటొకటిగా వచ్చినవే.

ఇక నాబోటి చర్మం ఉన్నవాళ్ళకి 1977 చాలా ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడు రెండు సంగతులు జరిగాయి.

"హైపో అలర్జెనిక్" అన్న మాట మీరు చూసే ఉంటారు. అలర్జీ రాదనో, తక్కువగా వస్తుందనో అర్థం. ఆ మాట వాడాలంటే మామూలు సరుకు కన్నా నిజంగా తక్కువ అలర్జీ వస్తుందని మనుషుల మీద పరీక్షించి చూపించాలని ఎఫ్‌డీఏ 1975లో ఒక నిబంధన పెట్టింది. రెండు పెద్ద కంపెనీలు, ఆల్మే, క్లినిక్, కోర్టుకెక్కాయి. 1977 డిసెంబరులో వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టు ఆ నిబంధనని కొట్టేసింది. ఆ రోజునుంచి ఇవాళ్టిదాకా ఈ దేశంలో ఆ మాటకి చట్టపరంగా నిర్వచనం లేదు. ఎవరైనా ఏ డబ్బా మీదైనా రాసుకోవచ్చు. "సెన్సిటివ్ స్కిన్ కోసం" అన్న మాట సంగతీ అంతే. మినరల్ అన్న మాట సరేసరి.

అదే ఏడు రెండో సంగతి. సౌందర్య సామగ్రి డబ్బా మీద అందులోని దినుసులన్నీ, ఎక్కువ పాలున్నది మొదటగా, వరసపెట్టి రాయాలన్న నిబంధన పూర్తిగా అమల్లోకి వచ్చింది. సెంటుకి మాత్రం మినహాయింపు ఇచ్చారు, "ఫ్రాగ్రెన్స్" అని ఒక్క మాట రాసేస్తే చాలు. వ్యాపార రహస్యమట. ఆ ఒక్క మాట చాటున డజన్లకొద్దీ దినుసులు దాక్కోవచ్చు, నాకు పడనివి సరిగ్గా అందులోనే ఉన్నాయి. అయినా ఈ జాబితా లేకపోతే నా వీపు మీద వేసిన పట్టీల పరీక్షకి అర్థమే లేదు. ఫలానాది పడదని వైద్యుడు చెబితే, అది దేంట్లో ఉందో తెలియాలి కదా. డబ్బా ముందువైపు ఒక మాట అర్థం పోగొట్టుకున్న ఏడే డబ్బా వెనకవైపు అర్థం పుట్టింది. మినరల్ మేకప్ కథలో మలుపు ఇదేనని నా అభిప్రాయం. కంపెనీలు చెప్పుకునే కథలో ఈ సంవత్సరం అసలు కనిపించదు.

కంపెనీల కథా చెప్పుకుందాం. కాలిఫోర్నియాలో బేర్ ఎసెన్షువల్స్ అనే దుకాణం 1976లో మొదలైంది. 1990ల మధ్యలో లెస్లీ బ్లాజెట్ అనే ఆవిడ పగ్గాలు పట్టుకున్నాక 1995లో పొడి ఫౌండేషన్ తెచ్చారు. 1997నుంచి ఆవిడే స్వయంగా క్యూవీసీ అనే టీవీ అంగడిలో కూర్చుని, కుంచె డబ్బాలో తిప్పి, దులిపి, ముఖాన రుద్ది చూపించేవారు. సరుకు ఇళ్ళకి ఇళ్ళే కొన్నాయి. 2010లో జపాను కంపెనీ షిసైడో ఆ కంపెనీని 170 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. 2000లు వచ్చేసరికి ప్రతి కంపెనీకీ ఒక మినరల్ పొడి.

ఈ పొడులు చాలామంది సున్నిత చర్మాలకి పడ్డమాట నిజం. అందుకు కారణం ఖనిజ మహిమ అనుకోను. క్రీములోనూ ద్రవంలోనూ నీళ్ళుంటాయి. నీళ్ళున్నచోట బూజు పడుతుంది కనక నిలవ మందు కలపాలి. పొడిలో నీళ్ళు లేవు, నిలవ మందుతో పని లేదు. సెంటు కూడా వెయ్యకపోతే అలర్జీ తెచ్చే పెద్ద దినుసులు రెండూ తప్పినట్టే. ఉన్నదాని వల్ల కాదు, లేనిదాని వల్ల మేలు జరిగిందన్నమాట.

అయితే చాలా డబ్బాల్లో ఒక పాత పెద్దమనిషి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. బిస్మత్. పందొమ్మిదో శతాబ్దంలో సీసానికి బదులుగా బిస్మత్ లవణాల్ని "ముత్యపు తెలుపు" అని అమ్మేవారు. ముత్యంలా మెరుస్తుంది, విషం తక్కువ. చిక్కల్లా గంధకపు గాలి తగిలితే నల్లబడుతుంది. గంధకపు ఊటల్లో స్నానానికి దిగిన దొరసాని ముఖం అందరి ఎదుటా నల్లగా మారిందని కథలు చెప్పుకునేవారు. ఇప్పటి పొడుల్లో వాడే బిస్మత్ ఆక్సీక్లోరైడ్ ఆ వంశానిదే. చెమట పట్టిన చర్మం మీద దాని పలుకులు గుచ్చుకుని కొందరికి విపరీతమైన దురద పెడుతుంది. నేను కొన్న మొదటి మినరల్ డబ్బా, పేరు చెప్పనులెండి, గంటసేపట్లో నన్ను చెంపలు గోక్కునేలా చేసింది. వెనక్కి తిప్పి చూస్తే జాబితాలో మొదటి పేరే బిస్మత్. దురదపెట్టినవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. 2000లలో ఇళ్ళలో పొడి కలుపుకునేవాళ్ళు పెరగడానికి ఇదొక పెద్ద కారణం. మా వృత్తిలో ప్రోగ్రాం ఎక్కడ తప్పుతోందో తెలియకపోతే ఒక్కో ముక్కా తీసేసి నడిపి చూస్తాం. ఇక్కడా అదే పని.

నా పొడి పాళ్ళు చెబుతాను. ఇరవై గ్రాములకి లెక్క. సెరిసైట్ అనే మెత్తటి అభ్రకం 11 గ్రాములు, టైటానియం డయాక్సైడ్ 3, జింక్ ఆక్సైడ్ 2, కేయోలిన్ అనే తెల్లమట్టి 1, అంటుకోవడానికి మెగ్నీషియం స్టియరేట్ 1. మిగిలిన రెండు గ్రాములూ ఇనుప ఆక్సైడ్లు. పసుపుపచ్చది 1.3, ఎరుపు 0.5, నలుపు 0.2. ఇది నా చామనచాయకి కుదిరిన లెక్క, మీది వేరుగా ఉంటుంది. గ్రాములో వందో వంతు చూపించే చిన్న త్రాసు కావాలి. రంగులు ముందు కాస్త తెల్లపొడితో కలిపి బాగా రుబ్బాలి, లేకపోతే ముఖం మీద ఎర్రగీతలు పడతాయి. కాఫీ గ్రైండర్ వేరేది పెట్టుకోండి, మళ్ళీ దాంట్లో కాఫీ గింజలు వెయ్యొద్దు. ముక్కుకి మంచి మాస్కు తప్పనిసరి. టైటానియం పొడి ధూళిని పీలిస్తే క్యాన్సర్ రావచ్చునేమోనని అంతర్జాతీయ క్యాన్సర్ సంస్థ 2006లో దాన్ని అనుమానితుల జాబితాలో చేర్చింది. చర్మానికి రాసుకోవడంలో ఆ భయం లేదు, భయమంతా ఊపిరితిత్తులకే. రాసుకునే ముందు మోచేతి మడతలో రెండు మూడు రోజులు చూసుకోండి. తడిచేత్తో డబ్బాలో వేలు పెట్టొద్దు. ఎండనుంచి ఇది ఎంత కాపాడుతుందో ప్రయోగశాలలో కొలిస్తేగానీ తెలియదు, అందుకని నేను సన్‌స్క్రీన్ వేరే రాసుకుంటాను.

ఇనుప ఆక్సైడ్లు మాత్రం సౌందర్య సామగ్రి కోసమే అమ్మేవి కొనాలి. బొమ్మలు వేసే రంగు కాదు, ఇంటిముందు జేగురు కాదు. భూమిలో దొరికే ఎర్రమన్నులో ఇనుముతోపాటు ఆర్సెనిక్, సీసం కూడా ఉండవచ్చు. అందుకే ఇక్కడి నిబంధనల ప్రకారం ముఖానికి వాడే ఇనుప ఆక్సైడ్ కృత్రిమంగా తయారైనదే అయుండాలి. పది లక్షల పాళ్ళలో సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 3 పాళ్ళకి మించకూడదు. "అచ్చంగా ప్రకృతినుంచి" అని రాసిన మినరల్ డబ్బాలో రంగు ఫ్యాక్టరీలో పుట్టినదే. అలా పుట్టడమే మనకి మంచిది.

టాల్కం పొడి నేను వెయ్యను. టాల్కు దొరికే చోటే కొన్ని గనుల్లో ఆస్‌బెస్టాస్ కూడా కలిసి ఉంటుంది. వేల దావాల తరవాత జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ టాల్కుతో చేసే పిల్లల పౌడరుని అమెరికా, కెనడాల్లో 2020లో ఆపింది, 2023లో ప్రపంచమంతటా ఆపేసింది.

మన రంగు సంగతి తరవాత చెబుతానన్నాను కదా. టైటానియం మరీ తెల్లన. తెల్లవాళ్ళకి నప్పుతుందిగానీ, మన ముఖం మీద అది బూడిద చల్లినట్టుంటుంది. 2000లలో ఇక్కడ అంగట్లో రంగుల అట్ట చూస్తే పదిహేను మెట్లలో పన్నెండు తెలుపు చుట్టూ తిరిగేవి. మనకి దగ్గరగా ఉన్న ఒకటో రెండో గులాబీ జీరతో ఉండేవి. మన చర్మంలో ఉండేది పసుపు జీర. పెళ్ళి ఫొటోల్లో ముఖం ఒక రంగు, మెడ ఒక రంగుగా ఉన్న ఆల్బమ్‌లు మన అందరి ఇళ్ళలోనూ ఉన్నాయి. 2017లో రిహానా పెట్టిన ఫెంటీ కంపెనీ ఒకేసారి నలభై మెట్లతో వచ్చాక మిగతావాళ్ళు కూడా పెంచారు. ఇంట్లో కలుపుకునేవాళ్ళు ఈ మార్పు కోసం ఎదురుచూడలేదు. టైటానియం కాస్త తగ్గించి, పసుపు ఆక్సైడ్ కాస్త పెంచితే సరిపోతుందని వాళ్ళకి ముందే తెలుసు. చలికాలానికి ఒక పొడి, ఇండియా వెళ్ళొచ్చాక ఒక పొడి!

ఇక అభ్రకం. నా పొడిలో సగం పైన అదే, అందుకని దాని గురించి చెప్పకుండా లేవలేను. మనవాళ్ళు దీన్ని కాకిబంగారం అంటారు. ఉమ్మడి నెల్లూరు జిల్లా గూడూరు, సైదాపురం, రాపూరు చుట్టుపక్కల అభ్రకం గనులు ఒకప్పుడు ప్రపంచంలో పేరున్నవి. అప్పట్లో అది ముఖాలకి కాదు, కరెంటు పరికరాలకి, పొయ్యి కిటికీలకి. రేకుల్ని పొరలు పొరలుగా చీల్చి, కోసి, రకాలు ఏరేవారు. ఎలక్ట్రానిక్స్‌లో దాని అవసరం తగ్గాక గనులు చాలావరకు పడుకున్నాయి. ఆ తుక్కునే మెత్తగా నూరి, పైన టైటానియం పలచగా పొర వేస్తే ముత్యపు మెరుపు వస్తుందని 1960ల్లో అమెరికాలో పేటెంట్లు తీసుకున్నారు. అక్కణ్ణుంచి అభ్రకం కంటి రంగుల్లోకి, పెదవి రంగుల్లోకి వచ్చేసింది.

ఇప్పుడు మన దేశంలో అభ్రకం ఎక్కువగా వచ్చేది జార్ఖండ్, బీహార్‌ల నుంచి. అక్కడ మూసేసిన గనుల్లో, అనుమతి లేని గోతుల్లో పిల్లలు తుక్కు ఏరుతున్నారని, గోతులు కూలి పిల్లలు చనిపోతున్నారని, ఆ చావుల్ని కప్పెడుతున్నారని 2016లో థామ్సన్ రాయిటర్స్ ఫౌండేషన్ విలేకరులు బయటపెట్టారు. మరుసటేడు కంపెనీలు కలిసి బాధ్యతగా అభ్రకం కొంటామని ఒక సంఘం పెట్టుకున్నాయి. కొన్ని కంపెనీలు ప్రయోగశాలలో చేసిన అభ్రకానికి మారాయి. డబ్బా వెనకాల "మైకా" అని ఉంటే గనిది, "సింథటిక్ ఫ్లోర్‌ఫ్లోగోపైట్" అని నోరు తిరగని పేరుంటే బట్టీలో పుట్టినది. ఆ మైకా ఏ గోతిలోంచి వచ్చిందో మాత్రం జాబితా చెప్పదు. ఎంత చిన్న అక్షరాలతోనైనా అది రాయమని అడిగే చట్టం ఇంకా రాలేదు. 2022 చివర్లో అమెరికాలో వచ్చిన కొత్త చట్టం ప్రమాదకరమైన సరుకుని వెనక్కి తీయించే అధికారాన్ని ఎఫ్‌డీఏకి ఇచ్చింది, తీవ్రమైన హాని జరిగితే కంపెనీలు తెలియజెయ్యాలని చెప్పింది. గనిదాకా అది వెళ్ళలేదు. నా మటుకు నేను అమ్మేవాళ్ళకి రాసి అడుగుతాను. జవాబు రాకపోతే బట్టీ అభ్రకమే కొంటాను, గ్రాముకి కాస్త ఎక్కువే అయినా.

చివరగా కాటుక గురించి. పొడి కలుపుకుంటానని తెలియగానే మన ఆడవాళ్ళందరూ అడిగే ప్రశ్న అదే కనక ముందే చెప్పేస్తాను. మా అమ్మమ్మ ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి, పట్టిన మసిని ఆవునెయ్యితో రంగరించేది. నందివర్ధనం పూల రసంలో తడిపి ఆరబెట్టిన గుడ్డే దానికి వత్తి. అందులో సీసం లేదు, ఉన్నది మసి. మసికీ ఇక్కడ ఒక చరిత్ర ఉంది. దాంట్లో క్యాన్సర్ కారకాలు ఉండవచ్చని 1976లో సౌందర్య సామగ్రినుంచి తీసేశారు, బాగా శుద్ధి చేసిన ఒక రకాన్ని 2004లో మళ్ళీ అనుమతించారు. బజార్లో కాజల్, సుర్మా అని అమ్మేవాటి సంగతి వేరు, కొన్నిటిలో సగానికి పైగా సీసమే. ఎఫ్‌డీఏ వాటిని అనుమతించదు. ఊరినుంచి వచ్చేవాళ్ళ సూట్‌కేసుల్లో మాత్రం వస్తూనే ఉన్నాయి. పసిపిల్లల కళ్ళకి అవి పెట్టకండి. ఎవరైనా ఇప్పటికే పెట్టి ఉంటే పిల్లల డాక్టరుకి చెప్పి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. చాలా చిన్న పరీక్ష, వేలి కొస మీద ఒక్క చుక్క రక్తంతో మొదలుపెడతారు.